కార్తిక పున్నమికి ముందు: చంద్రబలం, సముద్రపు పోటు, ఇంటి జాగ్రత్తలు

బరంపురంలో మా ఇంటి గోడకు రెండు పంచాంగాలు వేలాడుతుంటాయి. ఒకటి ఇచ్ఛాపురం వెళ్లినప్పుడు తెచ్చుకునే తెలుగు పంచాంగం, రెండవది ఇక్కడి బజారులో దొరికే ఒడియా పంజి. మనకు కార్తికం దీపావళి అమావాస్య మరునాడు మొదలై మళ్లీ అమావాస్యతో ముగుస్తుంది. పక్కింటి ఒడియా వారికి అది కుమార పూర్ణిమ (మన ఆశ్వయుజ పున్నమి) మరునాడే మొదలై కార్తిక పూర్ణిమతో పూర్తవుతుంది. నెల మొదలూ చివరా పదిహేను రోజుల తేడా ఉన్నా పున్నమి మాత్రం ఇద్దరికీ ఒక్కటే కనుక, గంజాం, గజపతి జిల్లాల్లోని చెరువు గట్లూ, శివాలయాలూ, గోపాల్‌పూర్ ఒడ్డూ ఆ ఒక్కరోజు రెండు భాషల జనంతో నిండిపోతాయి. 2026లో ఈ పూర్ణిమ నవంబరు 24, మంగళవారం వస్తోంది. నెల ముందు నుంచే పున్నమి దోషాల గురించీ, చంద్రుడి ప్రభావం గురించీ ఫోన్లలో రకరకాల హెచ్చరికలు తిరుగుతాయి కాబట్టి, వాటిలో దేనికి భయపడాలో, దేనికి అక్కరలేదో ముందే తెలుసుకోవడం మంచిది.

నేను జ్యోతిషం వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి కాను. మా నాన్నగారి దగ్గర పంచాంగం చూడడం వరకు నేర్చుకున్నాను. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ప్రతి 12 డిగ్రీల ఎడానికీ ఒక తిథి చొప్పున లెక్క నడుస్తుంది. ఆ ఎడం 168 డిగ్రీలు దాటి 180 డిగ్రీలు చేరేదాకా ఉన్నది పూర్ణిమ. అంటే సూర్యుడు ఒక రాశిలో ఉంటే చంద్రుడు దానికి ఏడవ రాశిలో నిలిచి పూర్తి వెలుగుతో కనిపిస్తాడు. జాతక శాస్త్రం చంద్రుణ్ణి మనస్సుకు కారకుడిగా చెబుతూ, పక్షబలం, అంటే పెరిగిన వెలుగు వల్ల వచ్చే బలం, కలిగిన పూర్ణచంద్రుణ్ణి శుభగ్రహంగానూ, క్షీణచంద్రుణ్ణి పాపిగానూ లెక్కిస్తుంది. పైగా కార్తిక పూర్ణిమకు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు. ఈ సంవత్సరం అది వృషభ రాశిలో పడే కృత్తిక, వృషభమేమో చంద్రుడికి ఉచ్చ స్థానం, అంటే అన్నిటికన్నా బలంగా ఉండే చోటు. కృత్తికకు అధిదేవత అగ్ని కావడం వల్ల ఈ పున్నమికి దీపాలు కలిసివచ్చాయని మా నాన్నగారు అనేవారు. ఇంత బలంగా ఉన్న శుభచంద్రుణ్ణి చూపించి ఎవరైనా మిమ్మల్ని భయపెడుతున్నారంటే, వారు చెబుతున్నది శాస్త్రం కాదన్నమాట.

శాస్త్రాన్ని అనుసరించే వారు ఈ రోజు చూసుకోదగిన అంశం ఒకటుంది. చంద్రుడు వృషభంలో ఉన్నంతసేపు తులా రాశివారికి అది ఎనిమిదవ స్థానం. దీనినే చంద్రాష్టమం అంటారు. చంద్రుడు ఒక్కొక్క రాశిలో సుమారు రెండుంపావు రోజులు ఉంటాడు కనుక ఆ వ్యవధిలో తులా రాశివారు కొత్త పనులు, దూర ప్రయాణాలు, మాట పట్టింపులు వాయిదా వేసుకోవడం ఆచారం. అలా వాయిదా వేసుకుంటే పోయేదేమీ లేదు. అయితే ఈ చంద్రాష్టమం ప్రతి రాశివారికీ నెలకొకసారి వచ్చి పోయేదే తప్ప ఈ పున్నమికి ప్రత్యేకంగా పుట్టుకొచ్చిన గండం కాదు. గుడి ముందు బల్ల వేసుకుని కూర్చుని, చేయి చూసి, చంద్రదోషమంటూ వెంటనే ముత్యపు ఉంగరం తగిలించే వారి దగ్గర ఈ మాట గుర్తుంచుకోవాలి. ముత్యం కొనాలని మనసులో ఉంటే పండుగ రద్దీ తగ్గాక, తెలిసిన కంసాలి చేత చూపించి, రసీదు తీసుకుని కొనుక్కోండి. ఆ ఉంగరం పెట్టుకుంటే మందులు మానేయవచ్చని ఎవరైనా చెబితే అక్కడ కూర్చోకుండా లేచి వచ్చేయండి.

పున్నమికి మతి చలిస్తుందన్న నమ్మకం ఈ ప్రాంతంలోనే కాదు, చాలా దేశాల్లో ఉంది. ఆసుపత్రుల లెక్కలు తీసి చూసిన పరిశీలనల్లో చాలావాటిలో పున్నమికీ మానసిక వ్యాధులకూ నిలకడైన సంబంధం కనబడలేదు. నిద్ర విషయంలో మాత్రం కొంత ఆధారం ఉంది: 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో, అర్జెంటీనాలోని తోబా తెగ ప్రజలు పున్నమికి ముందు రాత్రుల్లో ఆలస్యంగా పడుకుని తక్కువ నిద్రపోతున్నట్టు తేలింది. మనకు ఇక్కడ ఉపయోగపడే మాట అదే. ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు ఉన్నవారికి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం నిజంగానే ఉంటుంది కాబట్టి, అటువంటి వారిని జాగరణకు కూర్చోబెట్టకూడదు, ఉపవాసం పేరుతో మందు మాత్ర తప్పించకూడదు, గాలి సోకిందని ఊరి బయటకు తీసుకుపోకూడదు. మాట్లాడే మనిషి కావాలంటే 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ సలహా దొరుకుతుంది.

ఇక చంద్రుడి ప్రభావం కళ్లారా కనిపించే చోటు సముద్రం, నిజమైన ప్రమాదం కూడా అక్కడే ఉంది. పున్నమికీ అమావాస్యకూ సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలోకి రావడం వల్ల సూర్యచంద్రులిద్దరి ఆకర్షణా ఒకదానితో ఒకటి కలిసి, పోటు మామూలు కంటే ఎత్తుకు లేస్తుంది, పాటు మామూలు కంటే లోపలికి తీస్తుంది. నవంబరు 24 నాటికి చంద్రుడు భూమికి దగ్గరి స్థానానికి చేరువలో ఉండడం వల్ల ఈసారి ఆ తేడా ఇంకొంచెం ఎక్కువగానే ఉంటుంది. పైగా అన్నిటికన్నా పెద్ద పోటు చాలాచోట్ల సరిగ్గా పున్నమి నాడు కాక, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. పండుగ అయిపోయింది కదా అని 25న తీరిగ్గా పిల్లలతో ఒడ్డుకు వెళ్లేవారు ఈ సంగతి మరిచిపోతారు. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, నిన్న ఈ వేళకు ఇసుక ఇంత వెడల్పుగా ఉందన్న జ్ఞాపకం ఈ రోజుకు పనికిరాదు.

గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మాట్లాడే బెస్తవారిని ఇక్కడ నోళియాలంటారు. సముద్రం సంగతి వారిని అడిగి తెలుసుకోవడం కన్నా మంచి జాగ్రత్త మరొకటి లేదు. ఒక పున్నమి తెల్లవారుజామున నేను చెంబు పట్టుకుని నిలబడి ఉండగా, వల సర్దుకుంటున్న ఒక ముసలాయన కెరటాల వైపు చేయి చూపించి, "బాబూ, నురగ లేని చోట నిమ్మళంగా ఉందని దిగకు, లాగీది అక్కడే" అన్నాడు. ఆయన చూపించిన చోట రెండు వైపులా కెరటాలు తెల్లగా విరుగుతుంటే, మధ్యన నాలుగైదు బారల వెడల్పున నీళ్లు ముదురు రంగులో, ముడత కూడా లేకుండా, ఇసుకను కలుపుకుని లోపలికి జారిపోతున్నాయి. ఒడ్డుకు వచ్చిపడిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే కాలువ అది. కొత్తవారు కెరటాలు లేవని సరిగ్గా అక్కడే స్నానానికి దిగుతారు. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు; అలసట వచ్చి మునిగేది అలా ఎదురీదడం వల్లే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక కెరటాలతో పాటు బయటకు రావాలి. ఈత రానివారు వెల్లకిలా తేలుతూ చేయి ఊపి కేక వేయాలి. ఒడ్డున ఉన్నవారు వెనకే దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో, లోపల గాలి ఉన్న ట్యూబో విసరాలి. సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం నంబరు 1554.

పుణ్యస్నానానికి నడుం లోతు అవసరమని ఏ పురోహితుడూ చెప్పగా నేను వినలేదు. మోకాలి లోతు దాటకుండా, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, వెలుతురు వచ్చాక, చెంబుతో నీళ్లు తల మీద పోసుకుంటే సరిపోతుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు చన్నీళ్లు ఒక్కసారిగా తల మీద పోసుకోకుండా పాదాల నుంచి మొదలుపెట్టాలి; పర్లాకిమిడి వైపు మహేంద్రతనయ నదిలో మునిగేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ కొండల పక్క చలి ముందే మొదలవుతుంది.

నవంబరు బంగాళాఖాతంలో తుపానుల నెల కూడా. 2021 మే 26న వైశాఖ పూర్ణిమ నాడు, సంపూర్ణ చంద్రగ్రహణం కూడా పట్టిన రోజున, యాస్ తుపాను ధామ్రా, బాలేశ్వర్ మధ్య తీరం దాటింది. తుపానును చంద్రుడు పుట్టించలేదు, గ్రహణమూ పుట్టించలేదు. కానీ తుపాను తోసుకొచ్చిన నీటికి పున్నమి పోటు తోడై తీర గ్రామాల్లోకి సముద్రం చొరబడింది. కాబట్టి ఆ వారంలో వాయుగుండం అన్న మాట వినబడితే, స్నానం సంకల్పం ఎంత గట్టిదైనా, ఇంటి బావి దగ్గరే కానిచ్చుకోవాలి.

చెరువుల విషయానికి వస్తే, ఒడియా వారి బొయిత బందాణ తెల్లవారకముందే జరుగుతుంది. ఒకప్పుడు బాలి, జావా దీవులకు వెళ్లిన వర్తకుల ఓడలకు గుర్తుగా అరటి దొప్పల పడవల్లో దీపం, తాంబూలం పెట్టి నీటిలో వదులుతారు. మన పిల్లలూ పక్కింటి పిల్లలతో కలిసి వదులుతారు. చీకటి, పాచి పట్టిన మెట్లు, వెలుగుతున్న దీపం, పట్టు పరికిణీ ఒకేచోట చేరడం వల్ల ఇక్కడ జాగ్రత్త రెండింతలు కావాలి. మా మనవరాలు కిందటేడు చివరి మెట్టు మీద వంగి పడవను తోసినప్పుడు, పడవ అరచేతి మందం కదిలి మళ్లీ మెట్టుకే వచ్చి తగిలింది; దాన్ని ఇంకా దూరం తోయాలని పిల్ల ముందుకు సాగిన క్షణం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది, జడ పట్టుకుని వెనక్కి లాగాను. అప్పటి నుంచి మేము పొడుగాటి వెదురు కర్ర తీసుకెళుతున్నాం. పిల్ల నీటికి మూడు మెట్ల పైనే కూర్చుంటుంది, పెద్దవాళ్లు పడవను నీటిలో పెడతారు, ఆమె కర్రతో తోస్తుంది. పడవ అరటి దొప్పదే అయితే మేలు. థర్మకోల్ అయితే నెల గడిచినా చెరువులోనే ఉంటుంది.

ఉపవాసంలో చేసే పొరపాటుకు మా ఇల్లే సాక్ష్యం. మా అక్కయ్యకు మధుమేహం. ఒక కార్తిక పూర్ణిమ నాడు పొద్దున్నే మామూలుగా చక్కెర మాత్ర వేసుకుని, చంద్రోదయం దాకా ఏమీ తిననని కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి వత్తులు చేస్తూ, "ఒరేయ్ తమ్ముడూ, ఈ దూది ఎందుకురా రెండుగా కనబడుతోంది" అంది. నుదుటి మీద చెమట పోసినట్టు కారుతోంది, వేళ్లు వణుకుతున్నాయి. బెల్లం నీళ్లు తాగించాక పావుగంటకు తేరుకుంది. మాత్ర వేసుకుని తిండి మానడం ప్రమాదం, ఎవరినీ అడగకుండా మాత్ర మానడమూ ప్రమాదమే. ఇన్సులిన్ తీసుకునేవారి సంగతి చెప్పనక్కరలేదు. వారం ముందే వైద్యుణ్ణి అడిగి ఆ రోజు మోతాదు ఎంతో తెలుసుకోవాలి, లేదా పాలు పండ్లతో సరిపెట్టుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇందులో పంచాంగానికి సంబంధించిన చిన్న సంగతి ఒకటి ఉంది. హైదరాబాదు కన్నా బరంపురం ఆరు డిగ్రీలకు పైగా తూర్పున ఉండడం వల్ల ఇక్కడ సూర్యాస్తమయమూ చంద్రోదయమూ సుమారు ఇరవై అయిదు నిమిషాలు ముందే అవుతాయి. నవంబరు 24న ఇక్కడ సాయంత్రం అయిదుంపావుకల్లా పొద్దు గుంకుతుంది, చంద్రుడూ ఇంచుమించు అదే వేళకు తూర్పున కనిపిస్తాడు. హైదరాబాదు టీవీలో చెప్పిన సమయం కోసం ఆకలితో ఎదురుచూడనక్కరలేదు. తిథి ముగిసే సమయం మాత్రం గడియారం ప్రకారం దేశమంతటికీ ఒక్కటే; ఈసారి అది రాత్రి ఎనిమిది దాటాక ముగుస్తుంది.

365 వత్తుల కట్టను నేతిలో ముంచి వెలిగించినప్పుడు మంట జానెడు ఎత్తు లేస్తుంది. దానిని తులసి కోట గూటిలో కాక, నేల మీద, ఇటుక మీద పెట్టిన మట్టి మూకుట్లో వెలిగించాలి. నైలాన్ చీరలు, వేలాడే చున్నీలు ఆ పూటకు వద్దు. నెయ్యి మండుతుంటే నీళ్లు పోయకూడదు, భగ్గుమని చిమ్ముతుంది. మూకుడును పెద్ద పళ్లెంతో మూసేస్తే ఆరిపోతుంది. కాలిన చోట పారే చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు పోయాలి, పేస్టూ సిరా రాయకూడదు. జ్వాలాతోరణం కింద దూరేటప్పుడు చంటిపిల్లలను ఎత్తుకుని తొందరపడకుండా, చుట్టూ గడ్డి మంట తగ్గాక వెళ్లవచ్చు. తోరణం కింద నడవాలన్నదే ఆచారం కానీ మొదటి వరుసలో నడవాలని కాదు.

గ్రహణం గురించి ఈసారి ఆలోచించే పని లేదు, ఆ రోజు గ్రహణం లేదు. 2022 నవంబరు 8న కార్తిక పూర్ణిమకు చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు, అందువల్ల చాలా ఇళ్లలో దీపాలు ముందు రోజే వెలిగించుకున్నారు. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూసినా కంటికి హాని ఉండదు. గర్భిణులను గంటల తరబడి ఆకలితో, దాహంతో ఉంచడమే హాని.

పున్నమి మరునాడు ఒడియా వారికి ఛాడఖాయి. నెలంతా మానిన మాంసం ఆ రోజు తింటారు. ఇంకా కార్తికంలోనే ఉన్న మన ఇళ్ల వారు పక్కింటి నుంచి వచ్చే ఘుమఘుమలకు కిటికీలు మూసుకుంటారు, అది వేరే సంగతి. మనకు ఇంకా పదిహేను రోజులు ఉన్నాయి, వాటి చివర పోలి పాడ్యమి ఉంది. ఆ తెల్లవారుజామున చీకట్లోనే దొప్ప దీపాలు వదలడానికి కొందరు సముద్రానికి వెళుతుంటారు. పున్నమికి లేచినట్టే అమావాస్యకూ పోటు లేస్తుంది, అదీ వెన్నెల లేని చీకట్లో లేస్తుంది. కనుక ఆ దీపాలను చెరువులోనో, పెరట్లో నీళ్లు నింపిన పెద్ద పళ్లెంలోనో వదలండి.