కాజీపేట నుంచి జైపూర్ హౌస్ దాకా: జాతీయ చిత్రశాలను ఎలా చూడాలి?

ఢిల్లీ వెళ్ళొచ్చినవాళ్ళను అడిగితే ఎర్రకోట చూశాం, కుతుబ్ మినార్ చూశాం, ఇండియా గేట్ దగ్గర ఫొటో దిగాం అంటారు. ఆ ఇండియా గేట్ పక్కనే జైపూర్ హౌస్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉందని మనవైపు చాలామందికి తెలియదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను గంటన్నరలో అన్ని గదులూ చుట్టేసి బయటికొచ్చాను. తిరుగు రైల్లో తలచుకుంటే ఒక్క బొమ్మా సరిగా గుర్తుకు రాలేదు. చాలా బాధేసింది. రెండోసారి మా బాపును, అంటే నాన్నను, తీసుకుపోయాను. ఆయనది వరంగల్ కొత్తవాడ, జీవితమంతా జంపఖానాలు నేసిన మనిషి. బొమ్మ ముందు ఎలా నిలబడాలో ఆయన పక్కన నడుస్తూ తెలుసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది చాలావరకు ఆ రోజు సంగతే.

బయల్దేరే ముందు

ఈ గ్యాలరీ 1954లో మొదలైంది. దీని శాశ్వత సేకరణలో 17 వేలకు పైగా కళాఖండాలు ఉన్నాయి. గోడల మీద ఒకసారికి కనిపించేది అందులో కొంత భాగమే. మిగతావి లోపల భద్రంగా ఉంటాయి, వంతులవారీగా బయటికొస్తాయి. కాబట్టి ఫలానా బొమ్మ కచ్చితంగా కనిపిస్తుందని ఆశపెట్టుకుని వెళ్ళకండి. మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈ సేకరణలోని బొమ్మలు చాలా ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఓ గంట చూసి, మనసుకు పట్టిన ఐదారు పేర్లు చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఐదారు చాలు.

ఇంకో పని కూడా చేయండి, ఇది నా సొంత సలహా. ఢిల్లీ కన్నా ముందు చేర్యాల పటం ఒకటి దగ్గర నుంచి చూడండి. చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి గట్టిపరచిన బట్ట మీద ఎర్రటి నేపథ్యంలో నకాషీలు అనే చిత్రకారులు కథ మొత్తం వరసగా చెబుతారు. అది చూసిన కన్ను ఢిల్లీలో జామినీ రాయ్ బొమ్మను వెంటనే గుర్తుపడుతుంది. ఆయన కూడా బెంగాల్ పల్లె పటాల నుంచే గీత నేర్చుకున్నారు.

ప్రయాణం

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒక రోజు ప్రయాణం. గ్యాలరీకి సోమవారం సెలవు, కాబట్టి రిజర్వేషన్ చేసుకునేటప్పుడే ఆ రోజు తగలకుండా చూసుకోండి. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూడండి. ఖాన్ మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. టికెట్‌కు పెద్ద ఖర్చేమీ కాదు. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, చేతిలో నోట్‌బుక్, పెన్సిల్ మాత్రం ఉంచుకోండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే కూర్చునే చోట్లు ఎక్కడున్నాయో మొదటే అడగండి.

లోపలికి వెళ్ళాక

ముందు బయటే కాసేపు ఆగి భవనాన్ని చూడండి. జైపూర్ మహారాజు కోసం 1936లో కట్టిన ఇల్లు అది. నడుమ గుమ్మటం, రెండు వైపులా రెక్కలు విప్పినట్టు గదులు. వెనకాల కొత్త భవనం 2009లో వచ్చింది.

లోపల మొదటి పావుగంట ఏ బొమ్మ దగ్గరా ఆగకుండా గదుల్లో ఊరికే నడవండి. ఎక్కడ కాలు ఆగబోతోందో గమనించండి. తర్వాత ఆ ఒక్కచోటికే తిరిగి రండి. ముందు దూరం నుంచి చూడండి, తర్వాత కాస్త దగ్గరికి, మళ్ళీ వెనక్కి. పక్కనున్న పేరు, సంవత్సరం చివర్లో చదవండి. ముందే చదివితే కన్ను బొమ్మను వదిలి అక్షరాల వెంట పోతుంది.

మేము ఎక్కువసేపు ఆగింది చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మల దగ్గర. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టి, 1941లో లాహోర్‌లో 28 ఏళ్ళకే చనిపోయారు. ఆమె బొమ్మలు జాతీయ సంపద, అమ్మి దేశం దాటించడానికి వీల్లేదు. వాటిలో పెద్ద భాగం ఈ గ్యాలరీలోనే ఉంది. 1935లో గీసిన ముగ్గురు అమ్మాయిల బొమ్మ ముందు బాపు చాలాసేపు మాట్లాడలేదు. ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు, ఒక్కరూ మనవైపు చూడరు, ఒకరినొకరు కూడా చూసుకోరు. తర్వాత ఆయన రంగు పలచగా ఉన్నచోటికి కాస్త వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"ఇది గూడ బట్టేరా. పడుగు, పేక కనవడ్తున్నయ్ జూడు."

నిజమే. కాన్వాస్ అంటే నేసిన బట్టే కదా! అంతవరకు నాకు రంగే కనిపించింది, ఆ రంగు కింద పోగులు కనిపించలేదు. వడ్రంగి అయితే ఫ్రేమ్ చూస్తాడు, దర్జీ అయితే కుచ్చిళ్ళు చూస్తాడు. మీ చేతికి తెలిసిన పనితోనే మొదలుపెట్టండి. ఆర్ట్ మనకేం తెలుసు అనే టెన్షన్ అక్కర్లేదు.

అజంతా చూసి, దక్షిణాది తిరిగి వెళ్ళాక షేర్‌గిల్ 1937లో గీసిన మూడు బొమ్మలు ఉన్నాయి: పెళ్ళికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకు వెళ్ళే పల్లెజనం. వాటిలో ఏది ప్రదర్శనలో ఉన్నా వదలొద్దు. 1938 హరిపుర కాంగ్రెస్ సభల కోసం గాంధీజీ అడిగితే నందలాల్ బోస్ వేసిన పోస్టర్లు కూడా ఇక్కడివే. వాయిద్యగాళ్ళు, పనివాళ్ళు, ఊరి మనుషులు నాలుగు గట్టి గీతల్లో కదులుతుంటారు. డప్పు చప్పుడు వింటూ పెరిగినవాళ్ళకు అవి పరాయివిగా అనిపించవు. మన పి.టి.రెడ్డి, లక్ష్మాగౌడ్ బొమ్మలు కూడా ఈ సేకరణలో ఉన్నాయి. ఇప్పుడు ఏ గదిలో ఉన్నాయో సిబ్బందిని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఇది మన అందరి డబ్బుతో నడిచే చోటు.

బొమ్మను ముట్టుకోవద్దు, చేతి చెమట, జిడ్డు రంగును పాడుచేస్తాయి. ఫొటోలు తీయొచ్చో లేదో ముందే అడగండి, ఫ్లాష్ మాత్రం వద్దు.

రెండు గంటలు దాటితే కళ్ళు అలిసిపోతాయి. అప్పుడు బయటికొచ్చి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడితో భోజనం చేయండి. ఓపిక ఉంటే మర్నాడు మళ్ళీ వెళ్ళండి, ఒకే రోజు అంతా చూడాలని పట్టుబట్టకండి.

చూసిన రోజు రాత్రే నోట్‌బుక్ తీసి, గుర్తున్న ఒక్క బొమ్మనైనా గీయండి, గీత వంకరగా వచ్చినా పర్వాలేదు. బాపు బొమ్మ గీయలేదు. జామినీ రాయ్ బొమ్మలో రంగులు ఏ వరసలో ఉన్నాయో పైనుంచి కిందికి రాయించుకున్నారు: ఏ రంగు పక్కన ఏ రంగు, ఏది సన్నం, ఏది మందం. ఆ కాగితం ఇప్పుడు కొత్తవాడలో ఆయన మగ్గం పక్క గోడకు అంటించి ఉంది.