చలికాలంలో పాంపేయి: వెలుతురును బట్టి దారి వేసుకోండి

వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయి, తవ్వకాల్లో బయటపడ్డ ఇటలీలోని పాత రోమన్ ఊరు పాంపేయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ జనం పలచగా ఉంటారు, ఎండదెబ్బ భయమూ లేదు. కరువల్లా వెలుతురుకే. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకానే తెరిచి ఉంచుతారు. మధ్యాహ్నం 3:30 దాటితే లోపలికి పంపరు. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. భోంచేసి తాపీగా బయల్దేరితే సగం ఊరు కూడా చూడలేరు. గేటు తీసే వేళకే అక్కడ ఉండండి.

నేపుల్స్ గరిబాల్డి స్టేషన్ కింది అంతస్తు నుంచి సొరెంటో వెళ్లే చిర్కుంవెసువియానా రైలెక్కి ‘పాంపేయి స్కావి–విల్లా దెయి మిస్తెరి’లో దిగాలి. ప్రయాణం 35–40 నిమిషాలు. పాంపేయి పేరుతో వేరే స్టేషన్లు కూడా ఉన్నాయి, పొరపాటున వాటిలో దిగితే పోర్తా మరీనా అనే ప్రవేశ గేటుకు దూరమవుతారు. ఆ గేటు ఈ స్కావి స్టేషన్ బయటే. 2024 నవంబరు నుంచి టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. 30×30×15 సెంటీమీటర్లు మించిన సంచిని లోపలికి రానివ్వరు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు ఆ రోజు మాత్రం వెళ్లకండి.

లోపలికి వెళ్లగానే ఫోరం (ఊరి నడిబొడ్డు కూడలి) దగ్గర ఆగిపోకుండా ముందు వెత్తియుల ఇల్లనే పాత రోమన్ ఇంటికి నడవండి. గదులు చిన్నవి, గుంపులు రాకముందే చూస్తే గోడల మీది చిత్రాలు తీరిగ్గా కనిపిస్తాయి. పక్క వీధుల్లోనే ఫాన్ ఇల్లు. అక్కడ నేల మీద ఉన్న అలెగ్జాండర్ మొజాయిక్ నకలు, అసలుది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత ఫోరం, స్తాబియన్ స్నానశాలలు చూసుకుంటూ వియా దెల్లబొందాంత్సా వీధి వెంట తూర్పుకు సాగితే, అగ్నిపర్వతం పేలినప్పుడు పారిపోతూ చనిపోయిన 13 మంది శరీరాల ప్లాస్టర్ అచ్చులున్న తోట, ఆంఫిథియేటర్ (గుండ్రటి క్రీడా ప్రాంగణం) వస్తాయి. గోడచిత్రాలకు పేరుపడ్డ పాత భవనం విల్లా దెయి మిస్తెరి ఊరి గోడకు అవతల, పడమటి కొసన ఉంది. దానికి విల్లాలు కలిసిన టికెట్ కొనాలి. ఆంఫిథియేటర్ దాకా వెళ్లి మళ్లీ ఇటు రావడం చిన్న పగటికి భారమే. ఒక్కటే కుదిరితే విల్లా చూడండి. ఆ ఎర్రగోడల చిత్రాలకు సాటి వచ్చేది ఊళ్లో లేదు.

వీధులకు పరిచినవి లావా రాళ్లు. అరిగి నున్నబడ్డ వాటి మీద వాన పడితే మామూలు స్నీకర్లు జారిపోతాయి. లోతైన గాడులున్న రబ్బరు సోల్ బూట్లే వేసుకోండి. వీధి దాటడానికి రోమన్లు వేసిన ఎత్తు రాళ్ల మీద అడుగు పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త. ఇళ్లలో చాలావాటికి పైకప్పు లేదు, తలదాచుకునే చోటు తక్కువ. ఇరుకు గుమ్మాల్లో గొడుగు తట్టుకుంటుంది, రెయిన్‌కోటు మేలు. అన్ని ఇళ్లూ ఒకేసారి తెరిచి ఉండవు. పాంపేయి అధికారిక వెబ్‌సైట్‌లో ఆ రోజు జాబితా చూసుకుని బయల్దేరండి.

వాన విడవకపోతే నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి మళ్లండి. పాంపేయిలో 1938లో దొరికిన భారతీయ దంతపు బొమ్మ ‘పాంపేయి లక్ష్మి’ అక్కడే, రహస్య గది అనే విభాగంలో ఉంది. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు. లక్ష్మి కాదు, యక్షిణి అనేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి దంతపు బొమ్మే శాతవాహనుల నాటి ఊరు భోకర్దన్‌లోనూ (మహారాష్ట్ర) బయటపడింది కనుక తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన వస్తువిది. మ్యూజియానికి మంగళవారం సెలవు.