నది ఊపిరికి రంగు వేయడం ఎలా?

చంపావతి ఒడ్డున నెల్లిమర్ల మాది. మిల్లు సైరన్ వింటూ పెరిగాను. గోగు కట్టలు ఊరవేసిన నీటి వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆ నీళ్ళలో చేపలు ఎందుకు తేలేవో మొన్నమొన్నటి దాకా నాకు తెలీదు. నార చుట్టూ ఉన్న జిగురును తినే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను కూడా వాడేసుకుంటుందని మా కెమిస్ట్రీ మేడమ్ చెప్పారు. నేను డ్రాయింగ్ మాస్టర్ని. నది నీటిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి, దాన్ని రంగుగా గోడమీద చూపించడం ఇద్దరం కలిసి చేసే పని. మీ ఊరి నది దగ్గరా చేయవచ్చు.

నీళ్ళు తీసే రోజే ఆర్టిస్టు కూడా వెళ్ళాలి. రిపోర్టు వచ్చాక బొమ్మ వేయమంటే అది అలంకారమే అవుతుంది.

ఊరికి ఎగువన, రేవులో, మురుగు కాలవ కలిసేచోట, దిగువన రెండుచోట్ల సీసాలు నింపండి. తెల్లవారుజామునే వెళ్ళాలి. మేము మొదటిసారి మధ్యాహ్నం వెళ్ళి మోసపోయాం: ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా మళ్ళీ పీల్చుకుంటుంది. నది అసలు కష్టం సూర్యోదయానికి ముందే తెలుస్తుంది.

300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ లేకుండా నీటిలోనే ముంచి నింపాలి. మేడమ్ అందులో మాంగనీస్ సల్ఫేట్, తర్వాత క్షారం కలిసిన అయోడైడ్ ద్రావణం వేసి, బిరడా పెట్టి తిప్పుతారు. నాకు ప్రాణం లేచొచ్చే క్షణం అదే. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. అసలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. మడ్డి అడుక్కి దిగేలోపే, వెనక తెల్లకాగితం పెట్టి, ఆ రంగు కలిపి పూసేయాలి. ప్రతిచోటా అదే కాగితం, అవే రంగులు.

తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి, ల్యాబ్‌లో థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి, అంటే రంగు పోయేదాకా చుక్కచుక్కగా కలిపి, ఆక్సిజన్ అంకె తేల్చడం మేడమ్ పని. యాసిడ్ దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. సీసాల్లోది నదిలో పారబోయకండి. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే చేపలకు కష్టమే.

చైనాలోని చెంగ్డూలో 1998లో బెట్సీ డేమన్ అనే కళాకారిణి, శాస్త్రవేత్తలు కలిసి పార్కే కట్టారు. నది నీరు మడుగుల్లో, మొక్కల మధ్య ప్రవహిస్తూ జనం కళ్ళముందే తేటపడుతుంది. మన దగ్గర కాలవ నోటి దగ్గర చిన్న మడుగు, తుంగ మడి అడగాలన్నా, ఎక్కడ కావాలో ముందు చూపించాలి.

అందుకే పంచాయతీ అనుమతి తీసుకుని, వరద తగలని రేవు గోడమీద, ఒక్కోచోటి సీసాలో వచ్చిన రంగుతో ఒక్కోటి చొప్పున, ఐదు పట్టీలు వేశాం. ఆయిల్ పెయింటు వద్దు, పొరలు ఊడి నీళ్ళలో పడతాయి. సున్నం, జాజు చాలు. కింద అంకె, తేదీ.

మూడో పట్టీ దగ్గర బట్టలుతికే ఒక అమ్మ ఆగారు.

"ఇక్కడ రంగు ఒగ్గేశారేటి మాస్టారూ?"

"ఒగ్గేలేదమ్మా. అక్కడి నీళ్ళకి వచ్చిన రంగే అది."

ఆవిడ కాసేపు చూసి, "రాత్రేళ రండి బాబూ, అప్పుడు కాలవ నల్లగా ఒస్తాది" అన్నారు.

ఆ శనివారం రాత్రి పదింటికి టార్చిలైటు, ఆరో సీసా పట్టుకుని వెళ్ళాం.