ఎలుకపిల్ల ఊరుకుందంటే మందు పనిచేసినట్టేనా?

ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో, నేను మొదటిసారి బెంగ తగ్గించే మందు డయాజిపామ్ ఇచ్చిన ఎలుకపిల్ల, తల్లి నుంచి విడదీసినా ఒక్క కూత కూడా పెట్టలేదు. ఎంత సంబరపడ్డానో! తీరా దాన్ని వెల్లకిలా పడుకోబెడితే బోర్లా తిరగలేకపోయింది. బెంగ తగ్గి ఊరుకోలేదది, మత్తులో పడి ఉంది. అందుకే ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెబుతున్నా: కూతలు లెక్కపెట్టిన ప్రతిసారీ, అది ఎన్ని సెకన్లలో బోర్లా తిరిగిందో కూడా రాసుకోండి. సగం మోతాదులో కూతలు తగ్గి, తిరగడం మాత్రం మామూలుగా ఉంటే అప్పుడు నమ్మండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే పిల్లను ముట్టుకోవాలి. తల్లి నుంచి విడదీస్తే అది సుమారు 40 కిలోహెర్ట్జ్‌లో కూస్తుంది. మన చెవికి 20 దాటితే వినపడదు, కాబట్టి గబ్బిలాల కూతలు పట్టే డిటెక్టర్ లాంటిది కావాలి. నేను ఏడో రోజు పిల్లల్ని తీసుకుంటాను. కళ్లింకా తెరవవు, ఒంటిమీద నూగు అప్పుడప్పుడే మొలుస్తుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది చలి. ఏసీ గదిలో బల్లమీద పెడితే నిమిషాల్లో ఒళ్లు చల్లబడి, చలికే కూస్తుంది. మీరు దాన్ని బెంగ అనుకుంటారు. తన వంతు వచ్చేదాకా పిల్లను వెచ్చటి ప్యాడ్ మీద ఉంచండి. గది వేడి రోజూ ఒకేలా ఉండాలి. కూతలకు ముందూ తర్వాతా ఒంటి వేడి చూడండి.

మందును గోరువెచ్చగా చేసి ఎక్కించండి. సూదిని వెంటనే లాగేస్తే చర్మం మీద చిన్న బొట్టు మెరుస్తుంది, ఇంత చిన్న ప్రాణికి ఆ బొట్టే మోతాదులో పెద్ద తేడా. కొన్ని సెకన్లు ఆగి తీయండి. డయాజిపామ్ నీళ్లలో సరిగా కరగదు, అందుకని అది కలిపిన ద్రావణాన్నే, మందు లేకుండా, పోల్చే పిల్లలకూ ఇవ్వాలి.

ఒకే ఈతలోని పిల్లలన్నిటికీ ఒకే మందు ఇవ్వకండి. అవి ఒకే తల్లి పాలు తాగినవి, ఎనిమిది పిల్లలైనా లెక్కలో ఒక్కటే. ప్రతి ఈత నుంచీ ఒక్కో గుంపుకు ఒక్కో పిల్ల చొప్పున పంచండి.

1986లో అమెరికా శాస్త్రవేత్త థామస్ ఇన్సెల్ బృందం డయాజిపామ్‌తో కూతలు తగ్గడం, బెంగ పెంచే మందు పెంటిలీన్‌టెట్రజోల్‌తో పెరగడం చూపింది. డయాజిపామ్‌కు విరుగుడైన ఫ్లూమజెనిల్ ముందుగా ఇస్తే డయాజిపామ్ ప్రభావం ఆగుతుంది. దీంతో ఏ గ్రాహకం (కణం మీద మందు అతుక్కునే చోటు) మీద పనిచేసిందో తెలుస్తుంది కానీ, మత్తు అనుమానం తీరదు. ఫ్లూమజెనిల్ మత్తునూ ఆపుతుంది మరి.

పని అయ్యాక గ్లవ్స్‌కు గూటిలోని పొట్టు రుద్దుకుని పిల్లను లోపల పెట్టండి. తల్లి దాన్ని నోట కరుచుకుని మిగతావాటి మధ్యకు తీసుకెళ్లేదాకా నేను అక్కడే నిలబడతాను.