అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసినప్పుడు దూరాన ఉన్న పిల్లలు చేయవలసిన పనులు

ఆ వార్త ఫోన్‌లో విన్న క్షణం నుంచి, దూరాన ఉన్న కొడుక్కైనా కూతురికైనా ఉన్నపళంగా బయలుదేరి అమ్మ పక్కన వాలిపోవాలనిపిస్తుంది. అమ్మ ఒంటరిగా ఉన్నా, రమ్మని నోరు తెరిచి అడిగినా మరో ఆలోచన లేకుండా వెళ్లవలసిందే. అలా కాని పక్షంలో ఒక విషయం గుర్తుంచుకోవడం మేలు. రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ చాలా సందర్భాల్లో గంటల మీద నిర్ణయం తీసుకోవలసిన పరిస్థితి కాదు. పరీక్ష కోసం గడ్డ నుంచి తీసిన చిన్న ముక్క (బయాప్సీ) మీద చేయవలసిన పరీక్షలన్నీ పూర్తయి, అవసరమైన స్కాన్‌లు జరిగి, చికిత్స ఏ వరుసలో సాగాలో వైద్యులు తేల్చడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. ఆ తరువాత చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఉన్న సెలవంతా మొదటి వారంలోనే వాడేసుకుంటే, మనిషి సాయం నిజంగా అవసరమైన రోజుల్లో మీరు కదలలేని స్థితిలో ఉంటారు.

కాబట్టి మొదటి వారంలో చేయవలసిన పని బయాప్సీ రిపోర్టును తెప్పించుకుని చదవడం. ఎవరో చెప్పిన సారాంశం కాకుండా, ప్రతి పేజీ ఫోటో పంపమని అడగండి. అందులో ముందుగా చూడవలసినవి ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు ఫలితాలు. మొదటి రెండూ ఆ కణాలు హార్మోన్ల ప్రభావంతో పెరుగుతున్నాయా అన్నది చెబుతాయి. పాజిటివ్ అయితే ఆ ప్రభావాన్ని అడ్డుకునే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉంటుంది. కణాలు వేగంగా పెరిగేలా చేసే హెర్2 అనే ప్రొటీన్ ఫలితం 3+ అయితే పాజిటివ్, 0 లేదా 1+ అయితే నెగటివ్, 2+ అయితే ఇంకా తేలనట్టే. ఫిష్ అనే మరో పరీక్ష వచ్చేదాకా ఆగాలి. 1998లో అమెరికాలో ఆమోదం పొందిన ట్రాస్టుజుమాబ్ అనే మందు హెర్2 పాజిటివ్ ఉన్నవారి చికిత్స తీరునే మార్చింది. మూడూ నెగటివ్ అయితే ప్రధానంగా కీమోథెరపీ మీద, కొందరిలో దానితోపాటు ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే ఇమ్యునోథెరపీ మీద ఆధారపడతారు.

అదే రిపోర్టులో గ్రేడ్ అనే మాట కనిపిస్తుంది. చాలా కుటుంబాలు గ్రేడ్ 3 అని చదివి మూడో స్టేజీ అనుకుని కుప్పకూలిపోతాయి. ఈ రెండూ వేరు. కణాలు మామూలు కణాలకంటే ఎంత భిన్నంగా కనిపిస్తున్నాయో గ్రేడ్ చెబుతుంది. వ్యాధి గడ్డ దగ్గరే ఉందా, చంకలోని లింఫు గ్రంథులకు చేరిందా, ఇతర అవయవాలకు పాకిందా అన్నదాని ప్రకారం స్టేజీ నిర్ణయిస్తారు. ఈ తేడాను బంధువులకు ఒక్కసారి వివరించగలిగితే ఇంట్లో సగం భయం తగ్గుతుంది.

దూరం నుంచి ఒత్తిడి పెట్టడం మాత్రం తగదు. రొమ్ము మొత్తం తీసేయించమని ఫోన్‌లో పట్టుబట్టే పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 20 ఏళ్ల పాటు రోగులను గమనించి 2002లో ఫలితాలు ప్రకటించిన రెండు పెద్ద అధ్యయనాలు, తొలి దశల్లో గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవారూ రొమ్ము మొత్తం తీయించుకున్నవారూ సమానంగానే బతికారని చూపాయి. ఏది ఎంచుకోవాలన్నది వైద్యుల సలహాతో అమ్మ తేల్చుకోవలసిన విషయం. అలాగే శస్త్రచికిత్సకు ముందే కీమో మొదలుపెడితే అది నిర్లక్ష్యం వల్ల జరిగిన జాప్యం కాదు. గడ్డను కుదించడానికీ, మందుకు అది ఎలా స్పందిస్తోందో చూడడానికీ అలా చేస్తారు.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఫోన్ స్పీకర్‌లో మీరు కూడా వినవచ్చా అని అమ్మనూ డాక్టరునూ ముందే అనుమతి అడగండి. ప్రశ్నలు నాలుగైదుకు మించకుండా రాసి ముందురోజే పంపండి. తోబుట్టువులు ఎందరున్నా ఆసుపత్రితో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. అమ్మ పక్కన ఉండి చూసుకుంటున్నవారికి, వారు నాన్నగారైనా చెల్లెలైనా, దూరం నుంచి ఆజ్ఞలు జారీ చేయకండి. రాత్రిళ్లు మేలుకునేది వాళ్లు. బిల్లులు కట్టడం, బీమా కాగితాలు నింపడం, రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకచోట భద్రపరచడం, పరామర్శకు ఫోన్ చేసే బంధువులకు జవాబు చెప్పడం వంటి పనులు పూర్తిగా మీ మీద వేసుకోండి.

ప్రయాణానికి తగిన సమయాలు సాధారణంగా రెండు. ఒకటి శస్త్రచికిత్స, దాని తరువాతి వారం పది రోజులు. గాయం దగ్గర పెట్టిన డ్రెయిన్ గొట్టంలో చేరిన ద్రవాన్ని కొలిచి పారబోయడానికి, చేయి సరిగా పైకి లేవని అమ్మకు జుట్టు దువ్వడానికి మనిషి కావాలి. రెండోది మొదటి కీమో. కీమోను ఎక్కువగా రెండు మూడు వారాలకొకసారి ఇస్తారు. ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. జ్వరం మాత్ర వేసి చూద్దామనుకోవడం ప్రమాదకరం. ఇంట్లో థర్మామీటరు ఉందో లేదో, అర్ధరాత్రి కారు నడిపేదెవరో మీరు ముందుగానే కనుక్కోండి. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఈ జ్వరం సంగతినే గుర్తుంచుకోండి.

ఇక మాటల విషయం. "ఎలా ఉంది?" అని రోజూ అడిగితే "బాగానే ఉన్నాను" అనే జవాబే వస్తుంది. "ఈ పూట ఏం తినగలిగావమ్మా? రాత్రి నిద్ర పట్టిందా? నోట్లో పుండ్లు ఏమైనా వచ్చాయా?" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది, డాక్టరుకు చెప్పవలసినవీ బయటపడతాయి. అన్ని ఫోన్లూ జబ్బు గురించే కానవసరం లేదు. ఆవిడకు ఇష్టమైన కబుర్లు కూడా మాట్లాడండి. జబ్బు పేరు అమ్మకు తెలియనివ్వకూడదని ఇంట్లోవాళ్లు అంటే మెల్లగా వారించండి, ఎందుకంటే తన శరీరం మీద జరిగే ప్రతి చికిత్సకూ ఆవిడ తెలిసి ఒప్పుకోవాలి. ఎవరో పంపిన మూలికల కషాయాలను డాక్టరును అడగకుండా వాడనివ్వకండి; కొన్ని కీమో మందులతో పడవు.

మీ గురించి కూడా ఒక మాట. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే. అయితే అమ్మకు చిన్న వయసులోనే వచ్చినా, మూడూ నెగటివ్ అయినా, కుటుంబంలో ఇంకెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఈ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ అనే జన్యువుల్లోని మార్పులు కొడుకులకూ సంక్రమిస్తాయి.

కీమో, రేడియేషన్ ముగిసిన తరువాత పరామర్శల ఫోన్లు ఆగిపోతాయి. ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అయినవారు హార్మోన్ మాత్రలు మాత్రం కనీసం 5 ఏళ్లు వాడవలసి ఉంటుంది. లెట్రోజోల్ వంటి మందులతో కీళ్ల నొప్పులు రావడం, ఎముకలు బలహీనపడడం సాధారణం. ఆ నొప్పులు భరించలేక ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసే తల్లులు ఎందరో ఉంటారు. మందును మార్చడానికి వీలుంటుంది కనుక, మాత్ర వేసుకున్నావా అని కాకుండా నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతూ ఉండండి. ఎముకల సాంద్రత పరీక్ష, ఏడాదికొకసారి తీసే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తేదీలను మీ క్యాలెండరులోనే రాసుకోండి.