చలి ఉదయం పాత కారు స్టార్ట్ కాకపోతే లోపం ఎలా కనిపెట్టాలి?

మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే అందుకునే కారు, ధనుర్మాసం తెల్లవారుజామున మాత్రం మొరాయిస్తుంది. చాలామంది తప్పంతా బ్యాటరీ మీద వేసి కొత్తది కొనేస్తారు. అలా డబ్బు పోసే ముందు చెవి పెట్టి వినండి. సమస్య ఎటువైపు ఉందో శబ్దమే చాలావరకు చెప్పేస్తుంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న పాత మారుతి 800ను దృష్టిలో పెట్టుకుని వివరిస్తాను.

గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి తాళం తిప్పండి. షెడ్డు తలుపులు తెరిచే ఉండాలి. మూసిన చోట ఇంజన్ పొగ ప్రాణం తీస్తుంది.

సెల్ఫ్ టకటకమని ఆగిపోయినా, నీరసంగా తిరిగినా లోపం కరెంటు వైపు ఉంది. రాత్రంతా కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ మల్టీమీటర్‌లో సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తక్కువుంటే ఛార్జింగ్ అయిపోయినట్లే. అయితే టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. నెగెటివ్ తీగ ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక గట్టిగా బిగించి మళ్లీ చూడండి.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే చోక్‌ను (కార్బురేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే ఏర్పాటు) అనుమానించాలి. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చాలా భాగం చుక్కలుగా మారి మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి మిశ్రమం వెళ్లే గొట్టం) గోడలకే అంటుకుంటుంది. అందుకే గాలి తగ్గించి పెట్రోలు వాటా పెంచాలి. తాళం తీసేసి, ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, ఇంట్లో ఒకరిని చోక్ లాగమనండి. కార్బురేటర్ నోట్లోని పలుచని రేకు పూర్తిగా మూసుకోవాలి. సగంలో ఆగితే కేబుల్ వదులైంది. నిజానికి ఇంత చిన్న లోపానికే కార్బురేటర్ మొత్తం విప్పించుకునేవారు ఎందరో!

చోక్ బాగుంటే, సెల్ఫ్ కొట్టిన వెంటనే ఒక స్పార్క్ ప్లగ్ (పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇచ్చే భాగం) విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు: పగిలిన గొట్టమో, పంపో చూడాలి. రోజుల తరబడి తీయని బండిలో కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆరిపోయి ఉండవచ్చు. ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా స్పార్క్ లేదు. ప్లగ్ తిరిగి బిగించి, చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లు దాటవద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి. అప్పటికీ లేవకపోతే ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి లోపలి మంచు తడిని పొడిగుడ్డతో తుడవండి. సన్నని పగులు ఉన్నా స్పార్క్ దారి తప్పుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే స్పార్క్ పరీక్ష సొంతంగా చేయవద్దు, మెకానిక్‌ను పిలవండి.

లేచిన వెంటనే ఆగిపోయే బండికి చోక్ త్వరగా నెట్టేస్తున్నారేమో చూసుకోండి. కాకపోతే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) తగ్గిందో, వాక్యూమ్ గొట్టం ఊడిందో పరిశీలించాలి. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో లాగే చోక్ ఉండదు. అక్కడ పెట్రోలు వాటా నిర్ణయించేందుకు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సర్ సమాచారం కావాలి కాబట్టి, చలిలోనే మొరాయిస్తుంటే ముందుగా దాన్ని పరీక్షించమనండి.