సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ: ముందుగా వెనక సీట్లో కూర్చోండి

పాత బండి చూడటానికి వెళ్లగానే చాలామంది డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటారు. మా వారూ అంతే. టచ్‌స్క్రీన్ నొక్కుతూ, సన్‌రూఫ్ తెరిచి మూస్తూ ఉంటారు. నేను మాత్రం వెనక తలుపు తీస్తాను. పిల్లలున్న ఇంటికి ఆ బండి పనికొస్తుందో లేదో సగం అక్కడే తేలిపోతుంది.

కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో చాలావాటిని చిన్న హ్యాచ్‌బ్యాక్ ప్లాట్‌ఫామ్ మీదే కడతారు. ఎత్తు పెంచి, పెద్ద చక్రాలు వేసేసరికి బయటికి భారీగా కనిపిస్తాయి గానీ, వెనక కాళ్లకు చోటు, డిక్కీ మాత్రం అంతంతమాత్రంగానే ఉండొచ్చు. అందుకని పిల్లల సీటు, స్ట్రోలర్ వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. వెనక్కి తిరిగి ఉండే సీటు బిగించాక, దాని ముందున్న సీటును ఎంత ముందుకు జరపాల్సి వస్తుందో చూడాలి. అక్కడ కూర్చునేవాళ్ల మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతుంటే ఆ బండిని వదిలేయడమే మంచిది. ఇది నాలుగు రోజులు సర్దుకుపోయే ఇబ్బంది కాదు. పిల్లల సీట్ల భద్రతకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం తయారైన సీట్లలో 15 నెలలు దాటేదాకా పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఆ సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.

వెనక సీటు వీపు భాగం, కింది భాగం కలిసే సందులో వేళ్లు పెడితే పిల్లల సీటును తగిలించే ఐసోఫిక్స్ కడ్డీలు తగలాలి, ఒక్కో సీటుకు రెండేసి. చాలా బండ్లలో ఇవి రెండు పక్క సీట్లకే ఉంటాయి, మధ్య సీటుకు ఉండవు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరి సీట్లూ బిగించాక మధ్యలో పెద్దవాళ్లు కూర్చోగలరేమో కూడా చూడండి. నాకు తెలిసి చాలావాటిలో కుదరదు.

ఢీకొట్టి చూసే భద్రతా పరీక్షల్లో బండికి వచ్చిన స్టార్ రేటింగ్ చూసేటప్పుడు ఎన్ని స్టార్లు అన్నదానితో పాటు ఏ సంవత్సరం పరీక్ష అన్నదీ చూడాలి. యూరప్‌లో ఈ పరీక్షలు చేసే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 1997 నుంచి ఫలితాలు ఇస్తోంది, పరీక్షలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తూ వస్తోంది. పదేళ్ల కిందటి ఐదు స్టార్లూ నిన్నటి ఐదు స్టార్లూ ఒకటి కావు. పైగా పరీక్షకు వెళ్లిన వేరియంట్‌లో ఉన్న ఎయిర్‌బ్యాగులు మీరు చూస్తున్న వేరియంట్‌లో ఉండకపోవచ్చు. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని బండిని నేనైతే లిస్టులోంచి కొట్టేస్తాను. సన్‌రూఫ్ లేకపోయినా బతకొచ్చు.

ఇక బండి గత చరిత్ర. ఇక్కడ తొందరపడొద్దు. సీట్ బెల్టును చివరిదాకా, అది ఇక రానని మొరాయించేదాకా లాగండి. బండి నీళ్లలో మునిగి ఉంటే, పైకి ఎంత శుభ్రం చేసినా, రోజూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు పట్టీ మీద బురద మరకో నీటి చారో దొరుకుతుంది. బెల్టు అడుగున కుట్టిన లేబుల్ మీద చాలాసార్లు తయారీ తేదీ ఉంటుంది. అది బండి వయసు కంటే కొత్తదైతే, బెల్టు ఎందుకు మార్చారని అడగండి. ఢీకొన్నప్పుడు బిగుసుకుపోయిన బెల్టులను మార్చాల్సి వస్తుంది మరి. అద్దాల మూలల్లో ఉన్న చిన్న అక్షరాలు కూడా అన్నింటికీ ఒకేలా ఉన్నాయా చూడండి, తేడా ఉంటే ఆ అద్దం మార్చి ఉండొచ్చు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే, లోపం కనబడకుండా ఎవరో దాన్ని ఆపేసి ఉండొచ్చు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం.

తక్కువ తిరిగిన బండి అంటే అందరికీ ఆశే. కానీ మీటర్ మీద అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల తర్వాత, కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న బండికి నాలుగు టైర్లూ కొత్తవెందుకు? పెడళ్ల రబ్బరు అరిగి నున్నబడిందెందుకు? జవాబు సర్వీస్ బిల్లుల్లో ఉండాలి. ప్రతి బిల్లు మీదా తేదీ, రీడింగ్ ఉంటాయి, వరసగా పెట్టి చూస్తే ఆ అంకె నిజమో కాదో తెలిసిపోతుంది. బిల్లులన్నీ ఉండి ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన బండికీ, ఒక్క కాగితమూ లేకుండా ముప్పై వేలే తిరిగిన బండికీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే నేను మొదటిదే కొంటాను.

ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లే ఆల్ వీల్ డ్రైవ్ బండి అయితే నాలుగు టైర్ల అరుగుదల దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే గేర్ వ్యవస్థ మీద భారం పడుతుంది. ఊళ్లోనే తిరిగేవాళ్లకు అసలు ఆల్ వీల్ డ్రైవ్ దండగ. డీజిల్ విషయంలోనూ అంతే: పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ శుభ్రపడాలంటే అప్పుడప్పుడు దూరప్రయాణం ఉండాలి. స్కూలు దాకా వెళ్లి వచ్చే బండికి పెట్రోలే నయం.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. స్టార్ట్ చేశాక నీలిరంగు పొగ వస్తే ఆయిల్ మండుతోంది, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు. నడిపేటప్పుడు స్టీరియో కట్టేసి, కిటికీలు దించండి. మెల్లగా పోతూ స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే టక్‌టక్‌మని చప్పుడు వస్తే యాక్సిల్ జాయింట్ అరిగినట్టు. బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కులు చూపించాలి. ఎక్కుడు రోడ్డు మీద పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

మీకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లి బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లను చదివే ఓబీడీ స్కానర్ పెట్టించండి. తప్పుల కోడ్ ఏమీ లేదంటే సరిపోదు, బండి తనంతట తాను చేసుకునే సెల్ఫ్ టెస్టులు పూర్తయ్యాయో లేదో కూడా అడగండి. చాలా టెస్టులు ఇంకా పూర్తికాలేదని చూపిస్తే, ఈమధ్యే కోడ్లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. ఇంజిన్ లోపల వాల్వులనూ పిస్టన్లనూ ఒక లయలో నడిపించేది టైమింగ్ బెల్టా, చైనా అన్నదీ తెలుసుకోండి. బెల్టయితే చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పాడవుతుంది.

కాగితాల దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితం మీదా బండి మీదా ఒక్కటే ఉండాలి, బండి మీద అప్పు తీరి ఉండాలి, రీకాల్ ఉంటే, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి ఉంటే, ఆ పని చేయించి ఉండాలి. ఛాసిస్ నంబరు ఇస్తే రీకాల్ సంగతి కంపెనీవాళ్లే చెప్తారు.

అనుకున్న డబ్బంతా బండికే పెట్టకుండా పదోవంతు పక్కన ఉంచండి. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు ఎవరి కోసమూ ఆగవు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్పించి, ఆనాటి రీడింగ్ రాసి పెట్టుకోండి. పాత ఓనరు మొన్ననే మార్చానన్నా, బిల్లు లేకపోతే మళ్లీ మార్పించండి.